ఉల్లిపాయల బస్తా నడిపిన ఆటో

డ్రైవరు లేకుండా నడిచే బండిని తయారుచేయాలని పెద్ద పెద్ద కంపెనీలు ఏళ్ల తరబడి తలలు బద్దలుకొట్టుకుంటున్నాయి. నేను ఆ పని విజయవాడ వన్ టౌన్‌లో ఒక మంగళవారం పొద్దున పొరపాటున చేసేశాను. ఎలా చేశానో చెబుతాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఆ రోజు వీధి వీధంతా నవ్వింది, ఇప్పుడు మీరొకరు ఎక్కువైతే నాకు కొత్తగా పోయే పరువేమీ లేదు.

అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు. పేరు కిశోర్. ఆటోనగర్‌లో ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం. పాత డీజిల్ ఆటోల్లోంచి ఇంజను పీకేసి, మోటారూ బ్యాటరీలూ బిగించి, వాటిని కరెంటు ఆటోలుగా మార్చాలన్నది మా కంపెనీ ఆశ. ఆశ అని ఎందుకంటున్నానంటే అప్పటికింకా ఒక్కటంటే ఒక్క ఆటో కూడా రోడ్డెక్కలేదు. కంపెనీ నడిపేది రత్నకుమారి గారు. ఆవిడ ఎవరి మీదా అరవరు. కోపం వస్తే కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంటారు, అంతే. ఆవిడ కళ్లజోడు తీశారంటే షెడ్డులో సుత్తి చప్పుళ్లు కూడా ఆగిపోయేవి.

నేను చేసేది మోడలింగు. ఈ మాట విని మా మేనత్త, నేను చొక్కాల ప్రకటనల్లో నిలబడతాననుకుని, "ముందు కాస్త ఒళ్లు చెయ్యరా, ఎముకలు కనపడతన్నాయి" అని సలహా ఇచ్చింది. అది కాదు. బండిలో కంట్రోలర్ అని అరచేతంత డబ్బా ఒకటి ఉంటుంది. మోటారు ఎప్పుడు తిరగాలో, ఎప్పుడు ఆగాలో చెప్పేది అదే. దానికి బుద్ధి చెప్పడానికి మేం ముందు కంప్యూటర్‌లో బొమ్మ గీస్తాం. ఒక డబ్బా మోటారు, ఒక డబ్బా బ్యాటరీ, ఒక డబ్బా రోడ్డు, వాటి మధ్య గీతలు. ఆ బొమ్మనే కంప్యూటర్‌లో నడిపించి, రకరకాల పరీక్షలు పెట్టి, అన్నీ పాసైతే ఆ బొమ్మలోంచే ప్రోగ్రాము తయారుచేసి కంట్రోలర్‌లోకి ఎక్కిస్తాం. నిజం బండిని గోడకు గుద్దే ముందు కంప్యూటర్‌లో బండిని గుద్దుకుని చూసుకోవడమన్నమాట. నన్నడిగితే చాలా మంచి పద్ధతి. తప్పంతా బొమ్మ గీసినవాడిది.

బొమ్మలో డ్రైవరు కూడా ఒక డబ్బాయే. నేను గీసిన డ్రైవరు డెబ్బై కిలోల మనిషి. సీటుకు నడిమధ్యన నిటారుగా కూర్చుంటాడు. కూర్చుంటే ఒకటి, లేస్తే సున్న. దగ్గడు, తుమ్మడు, పక్క ఆటోవాడితో కబుర్లు చెప్పడు. అలాంటి డ్రైవరు విజయవాడలో ఇంకా పుట్టలేదని నాకు తర్వాత తెలిసింది.

ఈ డ్రైవరుతో ఒక ముఖ్యమైన పని ఉంది. కరెంటు బండి చప్పుడు చేయదు కదా, తాళం తిప్పి ఉందో లేదో చూసేవాళ్లకు తెలియదు. డ్రైవరు టీ తాగడానికి దిగినప్పుడు ఎవరైనా చెయ్యి తగిలించి యాక్సిలరేటర్ పిడి తిప్పితే బండి వెళ్లిపోతుంది. అందుకని సీటు మధ్యలో, కింద, బరువు తెలుసుకునే స్విచ్చి ఒకటి పెట్టాను. మనిషి ఉంటేనే మోటారు తిరుగుతుంది, లేస్తే ఆగుతుంది. ఈ ఒక్క విషయం మీదే నాలుగు వందలకు పైగా పరీక్షలు రాశాను. అన్నీ పచ్చటి టిక్కులే. ఆ పచ్చదనం చూసుకుంటూ రెండు పూటలు అన్నం కూడా మర్చిపోయాను.

ఇక అసలు మనిషి. భవానీపురంలో ఉండే మస్తాన్ గారు ముప్పై ఏళ్లుగా ఆటో నడుపుతున్నారు. డీజిల్ ఇంజను అదురుడుకు ఆయన నడుం దెబ్బతింది. "ఆ బండి దిగుతావా, నడుం వదులుకుంటావా?" అని డాక్టరు తేల్చి చెప్పేశాడు. అప్పుడాయన మా షెడ్డుకు వచ్చి తన ఆటో మాకిచ్చారు.

"కరెంటు బండి అదరదంట కదండీ. అదరకపోతే ఇంకో పదేళ్లు లాగిస్తా సార్. నాకు ఇంకో పని రాదు," అన్నారు.

ఆ బండిని ఆయన స్టాండులోని డ్రైవర్లందరికీ చూపించాలి. వాళ్లకు నచ్చితే వాళ్ల బండ్లు కూడా ఇస్తారు. నచ్చకపోతే ఈ పనే మానేస్తామని, మస్తాన్ గారి ఆటోలో మళ్లీ పాత ఇంజను బిగించి ఇచ్చేస్తామని రత్నకుమారి గారు ముందే చెప్పారు. అంటే ఆయన పదేళ్లూ నా పచ్చ టిక్కుల మీద వేలాడుతున్నాయి. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా ఏం చేశానో వినండి.

"ఒకసారి అసలు డ్రైవర్ని కూర్చోబెట్టి చూడు," అన్నారు రత్నకుమారి గారు. సరేనని మస్తాన్ గారిని పిలిచాను. బల్ల మీద కంట్రోలరు, దాని ముందు ఆటో సీటు, హ్యాండిలు. మోటారూ రోడ్డూ కంప్యూటర్‌లో ఉంటాయి, మనిషి మాత్రం నిజం మనిషి.

"మామూలుగా కూర్చోండి మస్తాన్ గారూ," అన్నాను.

కూర్చున్నారు. తెర మీద ఎర్ర లైటు వెలిగింది. ఏమిటా అని చూస్తే ఆయన సీటు కుడి కొసన ఉన్నారు. సగం మనిషి సీటు మీద, సగం మనిషి గాలిలో.

"అలా కాదండీ, మామూలుగా."

"మామూలుగానే కూర్చున్నా సార్."

"అంటే సరిగ్గా కూర్చోండి. మధ్యలో."

"మధ్యలోనా?" ఆయన సీటు వంక అనుమానంగా చూశారు. "మధ్యలో కూర్చుంటే ఎట్టా సార్?"

"ఎట్టా ఏముందండీ? సీటు ఉన్నది కూర్చోవడానికేగా!"

జరిగారు. పచ్చ లైటు. నేను చంకలు గుద్దుకునేలోపే మళ్లీ ఎర్ర లైటు. ఆయన కొసకు వచ్చేశారు.

"జారిపోతున్నారండీ."

"జారట్లేదు సార్. అలవాటు."

"అలవాటు మార్చుకోవాలి మరి."

"ముప్పై ఏళ్లదండీ."

"అందుకే ఆలస్యం చేయకూడదు," అన్నాను. ఇరవై నాలుగేళ్లవాణ్ణి.

ఆయన నవ్వి ఊరుకున్నారు. నేను రిపోర్టులో ఇలా రాశాను: 'ఫలితం: పాస్. గమనిక: డ్రైవరుకు కూర్చోవడం నేర్పవలెను.' కింద పొడుగ్గా సంతకం కూడా పెట్టాను. ఆ కాగితం ఇప్పటికీ రత్నకుమారి గారి సొరుగులో ఉంది. నేను జీతం పెంచమని అడిగినప్పుడల్లా బయటికి తీస్తారు.

మంగళవారం వచ్చింది. వన్ టౌన్‌లో, ఉల్లిపాయల కొట్ల పక్కన ఉండే ఆటో స్టాండుకు బండి తీసుకెళ్లాం. డ్రైవర్లందరూ చుట్టూ మూగారు. మస్తాన్ గారు నేను నేర్పినట్టు సీటు మధ్యలో, పెళ్లిపీటల మీద కూర్చున్నంత బిగుసుకుపోయి కూర్చున్నారు. బండి చప్పుడు లేకుండా కదిలింది. వీధి చివరిదాకా వెళ్లి తిరిగొచ్చింది.

"అబ్బ! నెయ్యి జారినట్టు జారతందిరా!" అన్నాడొకాయన.

మస్తాన్ గారి మొహం వెలిగిపోయింది. "అదురే లేదు సాంబన్నా! నడుం ఉన్నట్టే తెలవట్లేదు!" అన్నారు.

సాంబన్న అంటే స్టాండు ప్రెసిడెంటు సాంబయ్య గారు. మనిషి భారీగా ఉంటారు. ఆయన మాటే స్టాండుకు మాట. "ఏదీ, నేనూ చూస్తా. జరుగు మస్తానూ," అంటూ వచ్చి డ్రైవరు సీటులోనే, మస్తాన్ గారి ఎడమ పక్కన కూర్చున్నారు. మస్తాన్ గారు కుడి కొసకు జరిగారు. మోటారు ఆగిపోయింది.

"ఏందయ్యా ఇది, నా బరువుకే ఆగిందా?"

"కాదండీ, కాదండీ! మస్తాన్ గారూ, మధ్యలోకి రండి," అన్నాను.

"మధ్యలోకొస్తే సాంబన్న ఏడ కూర్చుంటాడు సార్?"

"ఆయన వెనక కూర్చుంటారు. డ్రైవరు పక్కన ఎవరూ కూర్చోకూడదని రూలుంది కదండీ!"

స్టాండు మొత్తం విరగబడి నవ్వింది. ఒకాయన నవ్వలేక పక్క ఆటో కమ్మీ పట్టుకుని కిందికి జారాడు.

సాంబయ్య గారు మాత్రం నవ్వకుండా అడిగారు. "ఏ ఊరు బాబూ మనది?"

"కంకిపాడండీ."

"కాలేజీకి ఎందులో వెళ్లేవోడివి?"

నాలుగేళ్లు షేర్ ఆటోలో వెళ్లాను. వెనక జాగా లేక రోజూ డ్రైవరు పక్కనే కూర్చున్నాను. "కొంచెం జరగండి" అంటూ నా తుంటితో నేనే ఆయన్ని కొసకు నెట్టాను. నాలుగేళ్ల పాటు పొద్దునా సాయంత్రం ఏ మనిషినైతే సీటు కొసన చూశానో, అదే మనిషిని బొమ్మలో గీయాల్సి వచ్చేసరికి నడిమధ్యన కూర్చోబెట్టాను. చదువు ఒంటబట్టడం అంటే ఇదే కాబోలు.

బుద్ధున్నవాడు అక్కడ ఆగి తప్పు ఒప్పుకునేవాడు. నేను ఇంజనీర్ని కదా, ఉపాయం ఆలోచించాను.

"మోటారులో ఏ లోపమూ లేదండీ. సీటు మధ్యలో కాస్త బరువుంటే చాలు. చూపిస్తానుండండి!" అని పక్క కొట్లోంచి చిన్న ఉల్లిపాయల బస్తా ఒకటి తెచ్చి సీటు మధ్యలో నిలబెట్టాను. కుడి కొసన మస్తాన్ గారు, ఎడమ కొసన సాంబయ్య గారు, మధ్యలో ఉల్లిపాయలు. బండి కదిలింది! జనం చప్పట్లు కొట్టారు. మనుషులు ఉన్నారో లేదో కనిపెట్టడానికి నెలల తరబడి తయారుచేసిన ఏర్పాటును నా చేతులతో నేనే ఒక బస్తాతో మోసం చేస్తున్నానని అప్పుడు నాకు తట్టనే లేదు. చప్పట్లు అలాంటివి.

కాలవ దాకా వెళ్లి తిరిగొచ్చారు. "బాగానే ఉందయ్యా," అన్నారు సాంబయ్య గారు. ఇద్దరూ దిగి టీ బడ్డీ దగ్గరికి వెళ్లారు. బస్తా దిగలేదు. తాళం తిప్పే ఉంది. బండి చప్పుడు చేయదు కనక ఆ సంగతి ఎవరికీ తెలియదు.

నా లాప్‌టాప్ సంచీ హ్యాండిలుకు తగిలించి ఉంది. బండి పక్కన కాస్త వెనగ్గా నిలబడి దాని పట్టీ అందుకుని లాగాను. పట్టీ యాక్సిలరేటర్ పిడికి చుట్టుకుపోయి ఉంది. నేను లాగేసరికి పిడి తిరిగింది. ఆటో బయల్దేరింది.

"ఏయ్! ఏయ్!" అని పట్టీ వదలకుండా వెంట పరిగెత్తాను. అందులో ఉన్నది కంపెనీ లాప్‌టాప్, ఎలా వదులుతాను? నేను వెనక్కి లాగినకొద్దీ పిడి తిరుగుతోంది. పిడి తిరిగినకొద్దీ బండి ముందుకు పోతోంది. బండి పోయినకొద్దీ నేను ఇంకా గట్టిగా లాగుతున్నాను. చూసేవాళ్లకు ఉల్లిపాయల బస్తా ఒకటి ఆటో నడుపుకుంటూ, ఒక ఇంజనీర్ని పట్టీ కట్టి లాక్కుపోతున్నట్టుంది. తోపుడు బళ్లవాళ్లు అటూ ఇటూ తప్పుకున్నారు. ఒక పెద్దావిడ మాత్రం ఆటో ఆపమని చెయ్యెత్తింది, పాపం.

"వదలండి సార్! పట్టీ వదిలెయ్యండి!" వెనకనుంచి మస్తాన్ గారి కేక.

వదిలాను. పిడి వెనక్కి తిరిగింది. బండి నిదానించి, ఖాళీ గోతాల గుట్టలోకి మెత్తగా ముక్కు దూర్చి ఆగింది. దేవుడి దయ, ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు. ఆ గుట్ట పక్కనే ఒక కానిస్టేబులు గారు నిలబడి ఉన్నారు.

"ఈ బండికి డ్రైవరెవరయ్యా?"

అందరం సీటు వైపు చూశాం. ఆయనా చూశారు. బస్తా నడిమధ్యన నిటారుగా కూర్చుని ఉంది.

"ఉల్లిపాయలండీ," అన్నాను. రొప్పుతూ ఉండగా అబద్ధం తట్టలేదు.

"లైసెన్సు వాటి పేరు మీదే ఉందా?"

"లేదండీ, మస్తాన్ గారి పేరు మీద."

"ఆయనేడీ?"

"టీ తాగడానికి దిగారండీ."

"మరి వీటిని కూర్చోబెట్టిందెవరు?"

"నేనేనండీ. ఇంజనీర్ని."

"అది ముందు చెప్పొద్దూ!" అన్నారాయన, సందేహాలన్నీ తీరిపోయినట్టు. మనుషులు తిరిగే వీధిలో ఇంకోసారి ఇలాంటి వేషాలేస్తే బాగుండదని గట్టిగా చెప్పి వదిలేశారు.

ఇంతవరకూ నవ్వులాటే. ఆ తర్వాత జరిగింది తలచుకుంటే నాకు ఇప్పటికీ తల వంగిపోతుంది.

సాంబయ్య గారు మస్తాన్ గారి భుజం మీద చెయ్యేశారు. "మన బండ్లు దడదడ మంటే జనం తప్పుకుంటారు. ఇది చప్పుడు చెయ్యదు, చెప్పిన మాట వినదు. మనకొద్దులే మస్తానూ."

మస్తాన్ గారు బస్తా తీసుకెళ్లి కొట్లో అప్పజెప్పారు. తుండుతో సీటు తుడిచారు. నడుం మీద చెయ్యి పెట్టుకుని, ఆ సీటు కుడి కొసనే మెల్లగా కూర్చుని, నాతో అన్నారు: "రేపు పాత ఇంజను ఎక్కించేద్దాం సార్. మీరేం మనసులో పెట్టుకోకండి. మధ్యలో కూర్చోటం నాకే చాతకాలా."

ఆయన తిట్టి ఉంటే బాగుండేది.

"చాతకానిది మీకు కాదండీ, నాకు," అన్నాను. "మీరు మామూలుగానే కూర్చున్నారు. ఆ రోజే చెప్పారు కూడా. నేను వినలేదు."

ఈలోగా కబురందుకుని రత్నకుమారి గారు స్కూటర్ మీద వచ్చారు. జరిగిందంతా విన్నారు. సంచీలోంచి నా రిపోర్టు తీసి, స్టాండు మొత్తానికి వినపడేలా ఆ గమనిక చదివారు. ఆపైన కళ్లజోడు తీశారు.

"ముప్పై ఏళ్లు ఎక్కడా గుద్దకుండా కూర్చున్న మనిషికి నువ్వు కూర్చోవడం నేర్పుతావా కిశోర్? నువ్వు నేర్పి కూర్చోబెట్టింది పది నిమిషాల్లో గోతాల్లోకి పోయింది."

సాంబయ్య గారివైపు తిరిగి ఒక్క పది రోజులు గడువు అడిగారు. ఆయన మస్తాన్ గారి మొహం చూసి, "సరేనమ్మా, మస్తాను కోసం," అన్నారు. "కానీ ఉల్లిపాయలు తేవొద్దు."

నాకు పడిన శిక్ష ఏమిటంటే, వారం రోజులు మస్తాన్ గారి వెంట తిరగడం. ఆయన తన బామ్మర్ది డీజిల్ ఆటో అడిగి తెచ్చుకున్నారు. నేను వెనక సీట్లో నోట్‌బుక్కు పట్టుకుని కూర్చున్నాను. పక్కన ఎవరూ లేకపోయినా ఆయన కుడి కొసనే కూర్చుంటారు. మలుపు తిరిగేటప్పుడు సగం లేస్తారు. గతుకు వస్తే పూర్తిగా లేస్తారు. జేబులో చిల్లర కోసం ఒక పక్కకు ఒరిగిపోతారు. అసలాయన సీటు మీద పూర్తిగా కూర్చున్న సమయం చాలా తక్కువ. ఇవన్నీ రాసుకున్నాను. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా హ్యాండిలు పట్టుకుని పైకి లేచి కాసేపు అలాగే ఉంటున్నారు. కారణం తెలియక, 'అవసరం లేని కదలిక' అని రాసి పక్కన పెట్టేశాను. చూశారా, శిక్ష అనుభవిస్తూ కూడా!

వచ్చి డ్రైవరు డబ్బా కొత్తగా గీశాను. పాత పరీక్షలు మళ్లీ నడిపితే సగానికి పైగా ఎర్రబడ్డాయి. సీటు వెడల్పంతా బరువు తెలిసేలా స్విచ్చి మార్చాం. కదులుతున్న బండిలో మనిషి కాస్త లేచినంత మాత్రాన మోటారు ఆగకుండా చూశాం. ఆగిన బండి మళ్లీ కదలాలంటే ఒకసారి బ్రేకు తొక్కి తీరాలని పెట్టాం. ఉల్లిపాయలు ఎంత బరువున్నా బ్రేకు తొక్కలేవు. మళ్లీ అంతా పచ్చ.

ఈసారి మస్తాన్ గారిని పిలిచి తెర చూపించాను. డ్రైవరు డబ్బా మీద 'మస్తాన్' అని రాసి ఉంది.

"ఇది నేనా సార్?" అన్నారు వంగి చూస్తూ.

"మీరేనండీ. కొసన కూర్చోవడం, గతుకులో లేవడం, చిల్లర కోసం ఒరగడం, అన్నీ ఉన్నాయి."

ఆయన ఆ డబ్బా మీద వేలు పెట్టారు.

"మరి నడుం నొప్పి ఏడ పెట్టారు సార్?"

నేను నోట్‌బుక్కు పేజీలు తిరగేశాను.

"సిగ్నల్ దగ్గర లేచేది అందుకేనండీ," అన్నారాయనే, ఏదో తప్పు చేసినవాడిలా. "కాసేపు లేచి సాగదీసుకోకపోతే నడుం పట్టేసిద్ది. కరెంటు బండిలో తగ్గిద్ది గానీ, ఉన్న నొప్పి ఏడకి పోయిద్ది?"

పక్కన పెట్టేసిన కదలికను మళ్లీ చేర్చి పరీక్ష నడిపాను. ఎర్ర లైటు! సిగ్నల్ దగ్గర ఆయన నడుం సాగదీసుకోగానే సీటు ఖాళీ అనుకుని నా కంట్రోలరు మోటారును ఆపేస్తోంది, ఆయన కూర్చుని కొత్తగా బ్రేకు తొక్కితే గానీ బండి కదలదు. వన్ టౌన్ సిగ్నల్లో వెనక యాభై బళ్లు హారన్ కొడుతుండగా ఆయన పరిస్థితి ఊహించుకోండి. సీటు ఖాళీగా కనపడినా, కాలు బ్రేకు మీద ఉన్నంతసేపు డ్రైవరు ఉన్నట్టేనని మార్చాను. అప్పుడు పచ్చబడింది. రత్నకుమారి గారు కళ్లజోడు పెట్టుకునే తెర చూశారు. అది నాకు దక్కిన అతిపెద్ద మెప్పు.

పదో రోజు స్టాండులో సాంబయ్య గారు వెనక సీట్లో ఎక్కారు. మస్తాన్ గారు కుడి కొసన కూర్చుని, వీధులన్నీ తిప్పి, సిగ్నల్లో తీరిగ్గా నడుం సాగదీసుకుని, తిరిగి తీసుకొచ్చారు. బండి ఎక్కడా ఆగలేదు. సాంబయ్య గారు దిగి, తన సొంత ఆటో తాళం తీసి రత్నకుమారి గారి చేతిలో పెట్టారు. మస్తాన్ గారు తుండుతో మొహం తుడుచుకున్నారు. చెమటకేనని ఆయన అన్నారు, నేనూ అదే అనుకున్నట్టు నటించాను.

ఆ క్షణాన, వన్ టౌన్ నడివీధిలో, సకల ఆటోల సాక్షిగా, నా డిగ్రీ సర్టిఫికెట్టు మీద ఒట్టేసి ప్రమాణం చేశాను. ఇకమీదట ఏ మనిషినైనా డబ్బాలో గీయవలసి వస్తే, ముందు అతని ఎదుట కూర్చుని, "మీకు ఎక్కడ నొప్పి?" అని అడగకుండా గీత గీయను. ఈ జన్మకు ఇదే నా నియమం.

ఆ ప్రమాణంలో ఒక చిక్కుందని అప్పుడు తెలియలేదు. అడగ్గానే ఆటోనగర్లో ఒక్కొక్కరు మోకాళ్ల దగ్గర మొదలుపెట్టి, మెడ మీదుగా అల్లుడి దాకా వెళుతున్నారు. ఒట్టు వేశాక ఏం చేస్తాం, వింటున్నాను.